గోడబట్ట ఊడిన మూల

గంజిలో జిగురు కలపమని చెప్పింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. రేపు ఎవరో కనిపెట్టి నా మొహాన కొట్టేదాకా ఎందుకు?

మా కర్టెన్ల షాపులో కటింగ్ బల్ల అక్కది, దాని పక్కన కుట్టుమిషను నాది. పదిహేనేళ్ళుగా అంతే. చేతిలో కత్తెర లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు గనక అందరికీ కత్తెరక్క అయిపోయింది. ఒకే బిల్డింగులో ఆమె మూడో అంతస్తు, నేను రెండు. ఇద్దరివీ అద్దె ఇళ్ళే. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. నేను బావా అని పిలిచేదాన్ని. మంచివాడే కానీ, వంకలు పెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. గోడ మీద కేలండరు వెంట్రుకవాసి ఒరిగినా ఆయనకు ముద్ద దిగదు. అక్క ఇస్త్రీ చేసిన చొక్కాను ఆమె కళ్ళముందే మళ్ళీ ఇస్త్రీ చేసుకునేవాడు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. నోరు తెరిస్తే "ఆ... ఆ..." తప్ప ఇంకేమీ రాదు. ఏదడిగినా తల ఒకేలా ఊపేవాడు, అది అవునో కాదో తెలిసి చచ్చేది కాదు.

కసరత్తు చేయించే మాస్టారు మూడు నెలలు వచ్చాడు. కుడిచేతిని ఎత్తాడు, దించాడు, వేళ్ళు ముడిచాడు, తెరిచాడు. చివరికి చేతులెత్తేశాడు.

"ఒక్క వేలు తనంతట తాను కదిలితే చాలమ్మా, ఆ నిమిషమే నాకు ఫోన్ చెయ్యండి. మిగతాది నేను చూసుకుంటాను. ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే పోతే మాత్రం కీళ్ళు బిగుసుకుపోతాయి. తర్వాత ఎవరొచ్చినా చేసేదేమీ ఉండదు" అన్నాడు.

ఆ రోజు నుంచి అక్క కళ్ళలో వత్తులేసుకుని ఆ వేళ్ళనే చూసింది. పొద్దున చూసేది, షాపు నుంచి వచ్చి చూసేది. అన్నం పెడుతూ కూడా చూసేది. మధ్యాహ్నం అన్నం పెట్టే వంతు నాది, వెళ్ళిన ప్రతిసారీ నేనూ చూసేదాన్ని. ఎక్కడ పెట్టిన చెయ్యి అక్కడే ఉండేది.

మంచానికి కుడిపక్కన గోడ. ఆయన తల అటే వాలిపోయేది. ఆ గోడకేమో చెమ్మ పట్టి ఇంత పెద్ద మరక. మేకు కొట్టకూడదు, రంగు వెయ్యకూడదు అని ఇంటి ఓనరు చేరినరోజే చెప్పాడు.

"ఆ మరకను చూస్తూ ఎన్నాళ్ళని పడుంటాడే మనిషి?" అంది అక్క.

షాపులో థాను చివర మిగిలిన నూలుబట్ట తెచ్చుకుంది. నీలం రంగు మీద చిన్న చిన్న పసుపు ఆకులు. ఆ ఆదివారం మైదా గంజి కాచి, గోడకు బ్రష్షుతో పూసి, బట్ట పరిచి, ముడతలు పోయేలా అరచేత్తో రుద్ది, పైన మరో చుట్టు పూశాం. ఆరేసరికి కాగితంలా అంటుకుపోయింది. వద్దనుకున్ననాడు మూల పట్టుకుని లాగితే చాలు, గోడకు గీతైనా పడకుండా ఊడొస్తుంది. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క ఆ పూట నవ్వింది. ఆయన పడిపోయాక ఆమె నవ్వగా నేను చూడటం అదే.

రెండు వారాలకు కింది మూల లేచింది. పరుపు పక్కన, సరిగ్గా ఆయన కుడిచెయ్యి ఉండేచోట.

"చెమ్మే, ఇంకేముంది?" అన్నాను. అక్క గంజి పూసి అతికించింది. మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ బెత్తెడు లేచింది, సాయంత్రానికి జానెడు. అతికించడం, ఊడటం, ఇదే తంతు. మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పైగా బావ సతాయింపు ఒకటి. మేము గదిలో అడుగు పెట్టడమే ఆలస్యం, ఎడమచెయ్యి అడ్డంగా చాచి ఆ మూలకేసి చూపించేవాడు. ఆ చెయ్యి గోడకు మూరెడు దూరంలోనే ఆగిపోయేది. "ఆ! ఆ! ఆ!" అని ఒకటే అరుపు.

"చూశాంలే మహానుభావా! మంచంలో పడ్డా వంకలు పెట్టడం మానవా?" అనేది అక్క. నేను పకపకా నవ్వేదాన్ని.

ఒక ఆదివారం ఆ మూల చూపించి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని పళ్ళు బిగించాడు. మొహమంతా చెమట. కుడిచెయ్యి దుప్పటి మీద కర్రలా పడుంది. జ్వరమేమోనని మాత్ర వెయ్యబోతే ఎడమచేత్తో విసిరికొట్టాడు.

"కోపం ఒక్కటీ పడిపోలేదు ఈయనకి" అంది అక్క.

ఆ తర్వాత అక్క ఆయన గోళ్ళు కత్తిరించింది. కుడిచేతి గోళ్ళ సందున తెల్లగా ఏదో ఉంది. వీపుకు పుండ్లు పడకుండా రాసే పౌడరు అనుకుని తుడిచేసింది. నేను పక్కనే కూర్చుని చూశాను. నాకూ అలాగే తోచింది.

"ఉత్త గంజి ఈ గోడకు ఆగదక్కా. వడ్రంగులు వాడే జిగురు కాస్త కలుపు, ఎలా ఊడుతుందో నేనూ చూస్తా" అన్నాను. పెద్ద తెలివి నాది! డబ్బా కొనుక్కొచ్చిందీ నేనే, కలిపిందీ నేనే.

మూల ఊడలేదు. నాలుగు రోజులు బావ ఏడ్చాడు, అరిచాడు. ఐదోరోజు నుంచి అటు చూపించడం మానేశాడు. "చూశావా నా జిగురు, నీ మొగుడి వంకలు కూడా కట్టిపెట్టించేసింది" అన్నాను. నా నోరు పడిపోనూ.

రెండున్నర నెలల తర్వాత ఓనరు, గోడ లోపల పైపు కారుతోంది, పగలగొట్టి బాగుచెయ్యాలి, బట్ట తీసెయ్యండి అన్నాడు. పై భాగమంతా సులువుగానే ఊడొచ్చింది. కింది మూల రాలేదు. అక్క తడిగుడ్డతో నానబెట్టి, చాకు అంచుతో మెల్లగా లేపింది. లేపి, చాకు కింద పెట్టేసింది.

గోడ రంగు మీద గీతలు ఉన్నాయి. సన్నగా, పక్కపక్కన, కొన్ని చోట్ల సున్నందాకా దిగి. బట్ట అంచు నూలు నూలుగా చీకిపోయింది. ఆ అంచున నా జిగురులో విరిగిన గోటి ముక్క ఒకటి ఎండి అతుక్కుని ఉంది.

అక్క ఆయన కుడిచెయ్యి తీసుకుని గోడకు ఆనించింది. వేళ్ళు వెళ్ళి ఆ గీతల మీదే పడ్డాయి. బావ మా వైపు చూడలేదు. 

ఫోన్ చేస్తే మర్నాడే మాస్టారు వచ్చి ఆ గీతలు చూశాడు. ఆ చేతిని వంచబోతే వంగలేదు, బావ నొప్పితో మూలిగాడు.

"వేళ్ళలోకి అప్పట్లో కదలిక వచ్చిందమ్మా. వాడకపోయేసరికి బిగుసుకుపోయింది. అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. 

మాస్టారు వెళ్ళాక, "తిట్టవే అక్కా, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి" అని ఏడ్చాను.

"నిన్నేమనను? బుద్ధి నాకుండొద్దూ? జన్మంతా వంకలే పెట్టాడని, ఇదీ వంకే అనుకున్నాను. చేతులారా నేనే అతికించాను" అంది.

గోడ బాగుచేశాక అక్క మళ్ళీ అదే రకం బట్ట వేసింది. మూలకు మాత్రం నీళ్ళలాంటి గంజి పూస్తుంది, చిటికెనవేలు తగిలినా ఊడేలా. పొద్దున ఆయన కుడిచెయ్యి అక్కడ పెట్టి, "పీకెయ్. పీకి పారెయ్. నేనేమీ అనను" అని బతిమాలి షాపుకు వెళుతుంది. సాయంత్రం వచ్చి చెప్పులైనా విప్పకుండా మూల చూస్తుంది. ఆ మూల ఇప్పటిదాకా ఒక్కసారి కూడా లేవలేదు.

చూడలేకపోయాను. మొన్న మధ్యాహ్నం అన్నం పెట్టి వస్తూ వస్తూ ఆ మూల నేనే బెత్తెడు పీకి వచ్చాను. పీకుతుంటే బావ నన్నే చూశాడు. సాయంత్రం అక్క వెనకే నేనూ మెట్లెక్కాను.

మూల చూడగానే అక్క మొహం వెలిగిపోయింది. "ఒసేయ్! చూడవే, చూడు!" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. పరుగున వెళ్ళి బావ కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క గోటి సందూ చూసింది.

ఐదు గోళ్ళూ శుభ్రంగా ఉన్నాయి.

ఆ చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టింది. నా వైపు తిరగలేదు. వంటగదిలోకి వెళ్ళి గంజి గిన్నె తెచ్చి, మూల మళ్ళీ అతికించింది.