కోళ్లకు తీసిన దిష్టి

దగ్గరికొచ్చి కూర్చోండి, చెబుతాను. సౌదీలోని జెద్దాలో నేను పనిచేసే ఇంటి పెరట్లో కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. దిష్టి తగిలిందనుకుని, మా కడపలో చేసినట్టే గుమ్మడి తొక్కలు వాటి చుట్టూ తిప్పి, మేతగా వేశాను. కిటికీలోంచి ఇంటి మేడమ్ చూసింది.

"ఏం మంత్రం వేస్తున్నావ్? పోలీసులను పిలవనా?" అని అరబ్బీలో అరిచింది.

ఆ ఇంటి డ్రైవరు, మా వైపువాడే, పరుగెత్తుకొచ్చాడు. "ఏందక్కా ఈ పని! ఈడ మంత్రమంటే జైలే!"

అది ఉత్త మేతేనని చూపడానికి, కోళ్ల ముందున్న తొక్కనే ఒకటి తీసి, మేడమ్ చూస్తుండగా నమిలి మింగాను.

ఆమె ఫోను దించింది. కానీ ఆ రోజు నుంచి, నేను పెంచిన తన బిడ్డను నా చేతికివ్వడం లేదు. బిడ్డ తలుపు వెనక నన్ను పిలిచి ఏడుస్తుంటే వింటూ గిన్నెలు తోముతున్నాను.

మీ ఇంట్లో మాత్రం ఒకరినొకరు నమ్ముకుని చల్లగా ఉండండి.