వరుస మొదట సూర్యం పేరు

దెయ్యాల కథలు చెప్పి పిల్లల్ని జడిపించినవాణ్ణే గానీ, దెయ్యాన్ని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నావా అంటే, ఏం చెప్పాలో తోచదు.

టాటానగర్ దగ్గర గమ్హరియాలో ఒక చిన్న ఫర్నేసు కార్ఖానాలో మీటర్లు, సెన్సర్లు చూసి రిటైరయ్యాను. ఇప్పుడక్కడ కంప్యూటర్లు చూసేది మా మేనకోడలు సునీత. ఆమె భర్త ప్రకాష్‌ది ఫర్నేసు కింది గోతిలో దిగే పని. ఆ గోతిలో విషవాయువు చేరితే సైరన్ మోగించే ప్రోగ్రాం రాసింది నా స్నేహితుడు సూర్యం. అతను పోయి రెండేళ్లయింది.

నిరుడు విశ్వకర్మ పూజనాడు సునీత సాయానికి పిలిస్తే వెళ్ళాను, పాత సర్వర్ తీసి కొత్తది పెట్టాం. ఆ రోజు మా దగ్గర పనిముట్టు ముట్టరు. బొట్టు పెట్టి, దండ వేసి వదిలేస్తారు. మెషీన్లన్నీ ఆగి ఉన్నాయి, ఇంతకన్నా వీలైన రోజు దొరకదని మేమిద్దరం ముట్టుకున్నాం.

పాతదాని ప్లగ్గు పీకి నేలమీద పెట్టాం. కొత్తదానిలో సునీత తను రాసిన ఆదేశాల స్క్రిప్టు నడిపింది. ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడు ముక్కలన్నీ తెచ్చి, మిగతావాటితో కలవకుండా ఒక విడి గదిలా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను అదే కట్టేస్తుంది. అందులోకి వెళ్తే తెరమీద ప్రతి వరుస మొదట దాని పేరు కనిపిస్తుంది. సునీత పెట్టిన పేరు ‘గ్యాస్’.

అంతా సరిగ్గా ఉన్నట్టు తెరమీద అన్నీ పచ్చగా వచ్చాయి. వరుస మొదట మాత్రం ‘సూర్యం’ అని ఉంది. పాత సర్వర్‌లో అతను కట్టుకున్నదాని పేరది.

నా వేళాకోళాలు తెలిసినదే కాబట్టి సునీత నా వైపే తిరిగింది.

“ఏటి మావయ్యా, పూజనాడు కూడానా? సచ్చినోడితో మజాకా?”

“నాను కీబోర్డు ముట్టనేదే తల్లీ.”

స్క్రిప్టంతా వెతికింది. ఆ పేరు లేదు. డిస్కు మొత్తం తుడిచి మళ్ళీ నడిపింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాను. మళ్ళీ సూర్యమే.

అప్పుడు ఖాళీ కుర్చీ మెల్లగా మా వైపు తిరిగింది. గదంతా సూర్యం నమిలే ఖైనీ వాసన.

ఆగండి. కుర్చీ తిరగలేదు. ఖైనీ నా జేబులోది. టాటానగర్ స్టేషన్ బయట టీ తాగేవాళ్ళకు చెప్పేటప్పుడు కలిపాను, అలవాటైపోయింది. ఆ రెండూ తీసేసినా నా భయం తగ్గలేదు. మిగిలింది నేను కల్పించింది కాదు.

పేరే తప్పు చూపిస్తుంటే ఆ పచ్చరంగును మాత్రం ఎలా నమ్మాలంది సునీత. టెస్టు సిలిండర్ తెచ్చి సెన్సర్ ముందు గ్యాస్ వదిలాం. సైరన్ మోగలేదు. ఇంకాస్త వదిలాం. తెర పచ్చగానే ఉంది.

పొద్దున్నే ప్రకాష్ దిగాల్సింది ఆ గోతిలోకే. ఆ పేరు రాకపోతే మేము పచ్చరంగు చూసి ఇంటికి పోయేవాళ్ళం.

కారణం దొరికింది. సెన్సర్‌ను చదివే లైబ్రరీని సూర్యం పాత వెర్షన్ దగ్గరే ఆపి ఉంచాడు. ఆ మాట స్క్రిప్టుకు ఎవరూ చెప్పలేదు, అది కొత్తది తెచ్చుకుంది. కొత్తది గ్యాస్ ఎంతున్నా సున్నా అనే చదువుతోంది. సునీత పాత వెర్షన్ రాసి, అంతా తుడిచి, మూడోసారి నడిపింది.

సైరన్ మోగింది. వరుస మొదట ‘గ్యాస్’ అని ఉంది. పేరు జోలికి మేం వెళ్ళనే లేదు.

ప్రసాదం బుందీ చేతిలో పట్టుకుని, తినకుండా కూర్చుంది సునీత.

“నువ్వే పెట్టినావని సెప్పు మావయ్యా. నేకపోతే రేపు ఆయన్ని దిగనివ్వను.”

“నానేలే. నవ్వుతావని సేసినాను.”

హిందీలో కడుపునిండా తిట్టింది. తర్వాత బుందీ తింది. మర్నాడు ప్రకాష్ గోతిలో దిగాడు, క్షేమంగా పైకొచ్చాడు.

సునీతకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకే ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆ పేరు నేను పెట్టలేదు.