లిమాలో ఎక్కడ తినాలి

లాక్‌డౌన్ రోజుల్లో జర్మనీలోని గార్చింగ్ హాస్టల్లో నాకూ నా తెలంగాణ రూమ్మేట్‌కీ వంటగదిలో తోడు ఒక పెరూ విద్యార్థి. అతనిది లిమా. తిండికి ఆ ఊరు పెట్టింది పేరట. విమానాలు మొదలవగానే వెళ్తాను, ఎక్కడెక్కడ తినాలో రాసిమ్మని అతని వెంటపడ్డాను. వారం రోజులు చేపల పులుసు వండిపెట్టాను. చివరికి పదకొండు హోటళ్ళ పేర్లు రాసిచ్చాడు. నిమ్మరసంలో నానేసిన పచ్చి చేపముక్కలు మాత్రం మధ్యాహ్నమే తినాలని పక్కన రాశాడు.

ఆ కాగితం పట్టుకుని గొప్పగా రూమ్మేట్ దగ్గరికి వెళ్ళాను. "నీకేమైనా రాసిచ్చాడా?"

"నేనడగలే. ఆయనే ఒక్కటి రాసిచ్చిండు," అంటూ వాడు ఫ్రిజ్ మీది చీటీ చూపించాడు. "వాళ్ళమ్మ ఇల్లంట. హోటళ్ళల్ల తినకు, సీదా మా ఇంటికే పో అన్నడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వండింది నేను! వీడు తిన్న గిన్నె కూడా కడిగేవాడు కాదు.

ఆ పదకొండు పేర్లలో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఆ ఇంటి నంబరు, వీధి పేరు మాత్రం నాకు నోటికి వచ్చు.