సోడా పెట్టెలో పిన్ని సీసా

"క్యాన్సరు కణాలు లేవమ్మా," అన్నారు డాక్టరు గారు. బందరు ఆసుపత్రి మంచం మీద కూర్చున్న మా పిన్ని బాబాయి వైపు తిరిగి, "అయితే నాకో సోడా తెప్పించండి," అంది. వార్డులో నర్సుతో సహా అందరం నవ్వాం.

సోడాయే ఎందుకంటే, కాస్త వెనక్కి వెళ్ళాలి. అరవైల మొదట్లో మాట. దివిసీమ నుంచి ఆయాసంతో వచ్చిన పిన్నికి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. శనివారం సాయంత్రం సూదితో ఆ నీరు తీశారు. అందులో క్యాన్సరు కణాలున్నాయేమో చూసే లేబొరేటరీ గుంటూరులో ఉంది. సోమవారం గాని తెరవరు. అప్పటిదాకా సీసా చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. గడ్డకడితే కణాలు పగిలిపోతాయట. ఆసుపత్రి ఫ్రిజ్ చూస్తే చెడిపోయి ఉంది.

ఎదురుగా సోడా కొట్టు సాయిబు గారు బాబాయికి పాత పరిచయం. ఆయన చెక్కపెట్టెలో ఊక పోసి ఐసుగడ్డ ఉంచేవారు. సీసాను డబ్బాలో పెట్టి, ఐసు తగలకుండా ఓ మూల సర్దారు.

"పొరపాటున ఎవరికైనా కొట్టిచ్చేస్తారేమోనండీ," అన్నాడు బాబాయి.

"దానికి గోళీ లేదుగా బావగారూ, ఏం కొట్టను?"

అయినా నమ్మకం కుదరక, బాబాయి ఆదివారం పొద్దున్నే వెళ్ళి పెట్టె ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం బాగుండదని సోడా మీద సోడా తాగాడు.

"సీసా సంగతి సరే, ముందు మీరు గడ్డకట్టేట్టున్నారు," అన్నారు సాయిబు గారు.

చర్చి విడిచాక మావాళ్ళు అటే వచ్చారు. "ఆరాధన మానేసి సోడా కొట్లో కూర్చున్నావేంటయ్యా?" అని ఓ పెద్దాయన నిలదీశాడు. బాబాయి డబ్బా చూపించాడు. అందరూ పెట్టె చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. సాయిబు గారు కూడా గల్లా దగ్గర నుంచి లేచి, అరచేతులు చాచి దువా చేశారు. సోడాకి వచ్చిన ఇద్దరు రిక్షావాళ్ళు అయ్యేదాకా ఆగారు.

సోమవారం తెల్లవారగానే డబ్బాను ఊకా ఐసూ నింపిన బకెట్లో పెట్టుకుని నేనూ బాబాయీ రైలెక్కాం. గుడివాడలో కొత్త ఐసు వేయించాం. సీసా చల్లగానే గుంటూరు చేరింది.

"నా నీళ్ళకి జరిగినంత ప్రార్థన నాకెప్పుడూ జరగలేదు," అనేది పిన్ని తర్వాత.

ఆ నీరు మళ్ళీ చేరలేదు. ఆయాసమూ పోయింది. మరుసటి ఏటి నాట్లకు పిన్ని చేలోకి దిగింది. అసలు అది ఎందుకు చేరిందో మాత్రం డాక్టరు గారు చెప్పలేకపోయారు. ఆ తర్వాత చూసినవాళ్ళూ చెప్పలేదు.