ఐదో వాక్యం

ఇంగ్లీషు వ్యాకరణం విషయంలో నా పొగరు అంతా ఇంతా కాదు. అర మార్కు తగ్గితే టీచరమ్మతోనే పోట్లాటకు దిగేదాన్ని. ఆ పొగరే ఒకసారి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

పోలీస్ యాక్షన్ జరిగిన సెప్టెంబరు అది. నాకు పదమూడేళ్లు. చిలకలగూడలో మా ఇల్లు. నాన్నకు రైల్వేలో ఉద్యోగం, ఆ రోజుల్లో ఇంటికి రావడమే తక్కువ. మా వెనక గదిలో, బియ్యం డబ్బాల పక్కన, పక్కింటి దర్జీ చాచా దాక్కుని ఉన్నాడు. ఆ ఎండాకాలమంతా ఆయన రజాకార్లకు ఖాకీ బట్టలు కుట్టాడు. కుట్టనంటే ఊరుకునేవాళ్లా? ఇప్పుడు గల్లీలో ఎవరో మిలిటరీ వాళ్లకు రజాకార్లకు పనిచేసినవాళ్ల ఇళ్లు చూపిస్తున్నారని తెలిసి, అమ్మే ఆయన్ను పిలిచి లోపల పెట్టి గొళ్లెం వేసింది. "నిన్ను తొట్టెల్ల ఏసిన్నాటి అంగీ సుత ఈయన కుట్టిందే. ఎట్ల ఇడిసిపెడతం?" అంది నాతో.

చాచాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. మిషను లేకపోయినా కుడికాలు నేలను తొక్కుతూనే ఉండేది. అమ్మ వచ్చి, "అన్నా, కాలు జెర ఆపు, బయటికి ఇనొస్తది" అనేది. ఆపేవాడు. రెండు నిమిషాలకు మళ్లీ షురూ.

బడి తెరిచిన రోజున టీచరమ్మ కొత్త పాఠం చెప్పింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మా చర్చికే వచ్చేది. "ఒక పని ఎప్పట్నుంచో జరుగుతూ ఉండాలి. మధ్యలో ఇంకో పని వచ్చి దాని మీద పడాలి. రెండూ గడిచిపోయినవే అయ్యుండాలి. అప్పుడే హ్యాడ్ బీన్ వాడతాం. రేపటికి అయిదు వాక్యాలు రాసుకురండమ్మా. పుస్తకంలోవి కాదు, మీ ఇళ్లలో జరిగినవి" అంది.

సాయంత్రం ఆ పాఠమంతా చాచాకు చెప్పాను. నాకు శిష్యుడు దొరికాడు, ఆయనకు పొద్దు గడిచింది. చాచా నవ్వుతూ, "గట్లయితే నాదొకటి చెప్పు బిడ్డా. దర్జీ ఆరు దినాల సంది గీ అర్రల దాక్కోని ఉన్నడు, గప్పుడు మిలిటరోల్లు గల్లీకొచ్చిన్రు. గిది అయితదా?" అన్నాడు. ఇంగ్లీషులో చెప్పి చూపించాను. రెండుసార్లు నా వెంట అన్నాడు, మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. ఎంత చక్కగా కుదిరింది! నోటుబుక్కులో ఐదోదిగా నూతి నీళ్ల గురించి ఏదో చప్పగా రాయబోయి, దాన్ని వదిలేసి చాచా వాక్యమే రాశాను.

శుక్రవారం నోటుబుక్కులు ఇచ్చేశాం. బడి వదిలాక గేటు దగ్గర మా గల్లీ పిల్ల, నా బెంచీలోనే కూర్చునేది, గొప్పగా చెప్పింది. "మిలిటరోల్లకు ఇండ్లు చూపిచ్చేది మా నాయినే తెలుసా. ఇంక ఎవరెవరున్నరో ఎతుకుతున్నరు."

నా ఐదో వాక్యం గుర్తొచ్చింది. మా క్లాసులో ఒక అలవాటు ఉండేది. అన్నిటికన్నా బాగా రాసిన నోటుబుక్కును టీచరమ్మ బెంచీ బెంచీకీ పంపి అందరితో చదివించేది. ప్రతిసారీ అది నాదే కావాలని కోరుకునేదాన్ని, చాలాసార్లు నాదే అయ్యేది.

ఆ రెండు రోజులూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. అమ్మకు చెబుదామని వంటింటిదాకా పోవడం, మంచినీళ్లు తాగి తిరిగిరావడం. వెనక గదిలో చాచా కాలు తొక్కుతుంటే ముందు గదిలో నా కాలూ ఊగుతూనే ఉంది. ఆదివారం చర్చిలో టీచరమ్మ నాకు ముందు వరసలో కూర్చుంది. చదివిందా? ఇంకా చదవలేదా? ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆమె కొప్పునే చూశాను. ఆమె వెనక్కి తిరగలేదు.

సోమవారం నోటుబుక్కులన్నీ పంచి, నాది చివర ఇచ్చింది. నాలుగు వాక్యాలకు టిక్కులున్నాయి. ఐదోది లేదు. కొట్టేయడం కాదు, వాక్యం మొత్తం మీద ఎర్రసిరా పూసేసింది. వెలుతురుకు ఎత్తి చూసినా ఒక్క అక్షరం కనబడలేదు. సిరా వెనక రెండు పేజీలకు దిగింది. పక్కన సున్నా.

"ఐదోది పూర్తిగా తప్పు. దాని బదులు, మా అమ్మ నీళ్లు తోడుతూ ఉండగా వాన మొదలైంది అని పదిసార్లు రాసుకురా" అంది అందరి ముందూ.

అర మార్కుకు పోట్లాడేదాన్ని, "అలాగే టీచర్" అన్నాను. గల్లీ పిల్ల నా సున్నా చూసి కిసుక్కున నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఇంటికొచ్చి పదిసార్లు రాస్తుంటే చాచా ఆ ఎర్ర మరక చూశాడు. "ఏం తప్పు రాసినవ్ బిడ్డా?" అన్నాడు. చెప్పి ఏడ్చాను. ఆయన కాలు ఆగిపోయింది. తిట్టలేదు. "మీ టీచరమ్మకు నా సలాం చెప్పు" అన్నాడు. మళ్లీ తనే, "వద్దు బిడ్డా, చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు.

ఇంకో పదిహేను రోజులకు గల్లీ సద్దుమణిగింది. చాచా దుకాణం తెరిచాడు. క్రిస్మస్ ముందు జాకెట్టు కుట్టించుకోవడానికి అమ్మ నన్నక్కడికి పంపింది. నేనుండగానే టీచరమ్మ గుడ్డ పట్టుకుని వచ్చింది.

గిరాకీ ఎంత పెద్దవాళ్లైనా చాచా మిషను మీంచి లేచేవాడు కాదు. ఆ రోజు లేచాడు. దారం నోట్లోంచి తీసి, సలాం చేసి, ఆమె కూర్చునేదాకా నిలబడే ఉన్నాడు.