మబ్బు లేని ఆదివారం

ఆ లోయకి వెళ్ళేవాళ్ళందరూ మబ్బు కోసమే వెళతారు. పాడేరు దాటి ఇంకా పైకి పోయి, కొండ అంచున నిలబడి, కాళ్ళ కింద పరుచుకున్న తెలుపు ముందు ఫోటోలు దిగి వచ్చేస్తారు. మా బావకి మబ్బు అక్కర్లేదు. దాని అడుగున ఏముందో చూడాలి.

బావ అంటే అక్క మొగుడు. పెళ్ళికి ముందు నుంచీ ఆ కొండ రూట్లోనే బస్సు తోలాడు. కిడ్నీలు పాడయ్యాక స్టీరింగు వదిలేశాడు. మంగళ, గురు, శనివారాలు సీతమ్మధారలో డయాలసిస్. మిగతా రోజులు గోపాలపట్నంలో మా మేడ మీద వాటాలో, కిటికీ పక్క మంచం మీద. అక్క తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలు చేస్తే తనకీ షుగరు మొదలైందని తేలింది. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. రిపోర్టులు తెచ్చిన సాయంత్రమే బావ నాతో అన్నాడు.

"అన్నేళ్ళు తోలేను గానీ ఆ లోయ ఎలాగుంటాదో నాను సూడనేదురా. రోడ్డే సూసేను. ఓ పాలి సూపించీ."

ఏదీ అడిగే మనిషి కాదు. అందుకే కాదనలేకపోయాను.

నా ఉద్యోగం ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్స్ ప్లానింగ్. ఒక యంత్రాన్ని ఆపాలంటే ఏ పని ముందు చెయ్యాలి, ఏది ఆలస్యమైతే మరేది ఆగిపోతుంది, మళ్ళీ ఎప్పటికి నడపాలి అన్నది ముందే తేల్చి పెట్టడం. బావ ప్రయాణాన్నీ అలాగే మొదలుపెట్టాను. శనివారం డయాలసిస్ అయ్యాక ఆదివారం పొద్దున్న బయల్దేరాలి, సోమవారం చీకటి పడేలోగా ఇంట్లో ఉండాలి. సీటు వెనక్కి వాలే కారు. మందులు. కొలిచి పోసిన నీళ్ళ సీసా, ఎందుకంటే ఆయన ఒంట్లోకి పోయిన నీరు మళ్ళీ మిషన్ మీద పడుకుంటే తప్ప బయటికి రాదు. ఫోను ఎక్కడి దాకా పనిచేస్తుంది, తిరుగుదారిలో ఏ ఊళ్ళో డాక్టరు దొరుకుతాడు.

అన్నీ కుదిరాయి గానీ వాతావరణం ఒక్కటే కుదరలేదు. వానల్లో మబ్బు లోయని వదలదు, పైగా ఘాట్ రోడ్డు మీద బండలు జారతాయి. చలి నెలల్లో ఎండెక్కితే మబ్బు విడుస్తుంది, కానీ బావకి రక్తం తక్కువ. విశాఖలో అందరూ ఫ్యాన్ వేసుకునే రోజుల్లోనే ఆయన దుప్పటి కప్పుకుంటాడు. ఎండలు ముదిరితే దాహానికి ఆగలేడు. చలి తగ్గి ఎండ ముదరని ఆ కాస్త వ్యవధిలోనే మబ్బు లేని ఆదివారం ఒకటి దొరకాలి. రోజూ షిఫ్టు దిగి బస్సెక్కాక ఫోన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసేవాణ్ణి. మా ఊరి మీద ఏమీ ఉండేది కాదు. పడమటి కొండల మీద మాత్రం తెల్లటి మరక కదలకుండా కూర్చునేది.

అక్కకి ఇదంతా నచ్చలేదు. "దార్లో ఆయాసం వత్తే ఏటి సేత్తావు? కొండ మీద నీకెవులున్నారు?"

"ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుంటానే."

"ఓహో. దింపుడు కళ్ళం ఎక్కడో కూడా రాసుకున్నావేటి?"

బావ మంచం మీంచి నవ్వాడు. "రాసుకునే ఉంటాడు. ఇంజనీరు గదా." అక్క నవ్వలేదు. వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

చివరికి ఒక ఆదివారానికి మబ్బు విడిచే ఆశ కనిపించింది. ముందురోజు కారు డ్రైవరు మధురవాడ నుంచి వచ్చి ఇల్లు చూసుకున్నాడు. నా వయసే ఉంటుంది. బావ అతన్ని మంచం ముందు నిలబెట్టి పరీక్ష పెట్టాడు.

"ఘాటీ దిగీటప్పుడు ఏ గేరు?"

"సెకెండు సార్."

"సార్ ఏటి, అన్నా అను. నాదీ నీ కులమే, డ్రైవరు కులం. బ్రేకు మీద కాలెట్టీసి కూకుంటావా?"

"నేదన్నా, ఇంజను మీదే దింపుతాను."

"మలుపులో హారన్ కొడతావా, పాటలు ఇనుకుంటావా?"

"రెండూనన్నా."

"ఏదో ఒకటే సెయ్యి. నాను పాడతాన్లే."

రిపోర్టులు వచ్చాక ఆయన అంత మాట్లాడటం అదే మొదటిసారి. డ్రైవరు వెళ్ళాక బావ తన పాత ఖాకీ చొక్కా తీయించుకుని తొడుక్కుని చూసుకున్నాడు. భుజాల దగ్గర వదులై వేలాడింది. అక్క దాన్ని మడిచి లోపల పెట్టేసింది.

ఆదివారం కారు గుమ్మం ముందుకి వచ్చింది. ఎప్పటిలాగే అక్క బావని బరువు తూచే మిషన్ మీద నిలబెట్టింది. ముల్లు ఎక్కడ ఆగకూడదో అక్కడికి పోయి ఆగింది. ఆయన పాదాలు ఉబ్బి ఉన్నాయి. మాట మధ్యలో ఊపిరి ఎగబోస్తోంది. అక్క మంచం పక్కనున్న బిందె మూత తీసి చూసి, "నీళ్ళు తాగీసినావు! ఇన్ని నీళ్ళు తాగీసినావు!" అని నెత్తి కొట్టుకుంది. బావ తల ఎత్తలేదు.

అదే కారులో సీతమ్మధార వెళ్ళాం. డ్రైవరు పాటలు పెట్టలేదు.

మిషన్ మొదలై ఊపిరి కాస్త కుదుటపడ్డాక అక్క మందులు కొనడానికి కిందకి దిగింది. అంత దాహమేసిందా బావా అని అడిగాను.

"దాహం కాదురా," అన్నాడు. "ఘాటీలో బండి తోలీవోడు లోయ కేసి సూడకూడదు. నాకు పని నేర్పినాయన మొదట్రోజే సెప్పీసేడు. ఆ లోతు ఓ పాలి కంట్లో పడితే మరి సెయ్యి నిలవదు. అందుకే సూడనేదు. రాత్రి పడుకున్నాను గానీ అదే ఆలోసన. రేపు ఈ ఒళ్ళు బాగయ్యి మళ్ళీ సీట్లో కూకున్నాననుకో. సూసీసినోణ్ణి, ఎలాగ తోల్తాను?"

మిషన్‌కి రక్తం అందేలా ఆయన ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కోసి కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, బస్సు స్టీరింగు అసలే తిప్పకూడదు. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు బావ పక్కనే ఉన్నాడు, తల ఊపాడు కూడా. ఆపరేషన్ కాగితం మీద సంతకం ఆయనదే. ఇదంతా నాకు వరసగా తెలుసు. గొట్టాల్లో రక్తం వెళ్ళి వస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో ఫోను మోగింది. కొండ మీద మాకు గది ఇస్తానన్న మనిషి. "బయల్దేరినారా సార్? మీ అదృష్టం బాగుంది. మబ్బు సుక్క నేదు. అడుగున పారీ గెడ్డ నీళ్ళు కూడా కనబడతన్నాయి." రావడం లేదని చెప్పి పెట్టేశాను.

బావ మొహం నా వైపు తిప్పాడు. "కొండ మీదోడేనా? ఎలాగుందంట అక్కడ?"

"మూసేసిందంట బావా. ఎదుటి మనిషే కనబడట్లేదంట."

"నాను సెప్పనేదేటి?" అన్నాడు. ఉదయం నుంచీ బిగుసుకుని ఉన్న భుజాలు సడలాయి. "ఆ మబ్బు అంత తొందరగా ఇడవదురా. నాకు తెల్దా."

దుప్పటి మెడ దాకా లాగమన్నాడు. లాగాను. కళ్ళు మూసుకున్నాడు.