బోరు నీళ్ల మరక

మా ఇంట్లో తెల్లమరకను చూసి ఎవరూ భయపడరు. హుస్సేనీ ఆలంలో మా గల్లీ బోరు నీళ్లు అలాంటివి. బకెట్ అంచున తెలుపు, కుళాయి మూతిన తెలుపు, స్టీలు గ్లాసు ఎంత తోమినా తెలుపు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నిమ్మచెక్కలతో రుద్ది రుద్ది చేతులు మండించుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. అందుకే గినీపిగ్ బుట్టలో పరిచిన గుడ్డ మీద తెల్లటి పొడి ఎండి కనిపించిన రోజు కూడా ఆ బోరు వేసినవాణ్ణి నాలుగు తిట్టి, గుడ్డను నిమ్మచెక్కతో రుద్ది ఆరేశాను.

ఆ జంతువును తెచ్చింది మా ఆయన. అంతకుముందు అత్తమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనై ఇంటికి వచ్చాక వాకర్ పట్టుకుని నడక మొదలుపెట్టింది కానీ మాట మానేసింది. గల్లీ చివరిదాకా వినపడేలా లొల్లి చేసే మనిషి గోడవైపు తిరిగి పడుకుంటే ఇల్లు ఇల్లులా లేదు. తోడుగా ఉంటుందని ఆయన పక్షుల బజారుకు వెళ్లాడు. చిలుకను తెస్తాడనుకుంటే తోక లేని ఎలుకలాంటిదాన్ని అట్టపెట్టెలో పెట్టుకొచ్చాడు.

"గిదేందిరా? పందికొక్కును తెచ్చినవ్?" అంది అత్తమ్మ. చాలా రోజులకు ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆ జంతువు మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.

అత్తమ్మ ఎముకలు గుల్లబారాయని, ఒంట్లో క్యాల్షియం తక్కువైందని డాక్టర్ చెప్పాడు. ఆ మాట ఆమె పట్టుకుందంటే ఉడుంపట్టే. పొద్దున రాగిజావ, తర్వాత మాత్ర, మధ్యాహ్నం మునగాకు పప్పు. మునగాకు ఆషాఢంలో తినాలని పెద్దలంటారు; అత్తమ్మకు పన్నెండు నెలలూ ఆషాఢమే. మా వెనక గోడ పక్కన మునగచెట్టు ఉంది. మంచం మీద చేట పెట్టుకుని రెమ్మలు దూసేది. దూసిన ఆకులో సగం పప్పులోకి, సగం దాని బుట్టలోకి. పైగా పాలకూర, కొత్తిమీర.

"తిను బిడ్డా. నా బొక్కల తీరు నీ బొక్కలు గుల్ల గావొద్దు," అనేది.

చేట చప్పుడైతే చాలు, అది ముందుకాళ్లు బుట్ట అంచున ఆనించి ఈల వేసేది. అత్తమ్మ నవ్వేది. ఆ నవ్వు కోసమైనా ఆ చెట్టు మొత్తం దానికి రాసిచ్చేయొచ్చు అనిపించేది నాకు.

కొన్నాళ్లకు ఇంకో అరుపు మొదలైంది. సన్నగా, మధ్యలో తెగిపోయినట్టు. చేట చప్పుడు లేకపోయినా వచ్చేది. "పాపం, ఆకలైతుంది," అని అత్తమ్మ ఇంకో గుప్పెడు ఆకు వేసేది. ఆకలైతే మనవైపు చూసి అరవాలి కదా. ఇది మూలకు తిరిగి, వీపు గూనిగా వంచి అరిచేది. అరిచాక దాని కింద గుడ్డ కొద్దిగా తడిసి ఉండేది. దీనికి ఎక్కడో నొప్పి ఉందేమో అనిపించేది నాకు. అదే చెబితే, "నీకన్నీ ఫికర్లే," అని కొట్టిపారేసింది.

ఒక మధ్యాహ్నం గుడ్డ మీద ఎర్రటి చుక్క కనిపించింది. "నిన్న బీట్‌రూట్ ముక్క తిన్నది గద," అంది అత్తమ్మ. అన్నది కానీ ఆ గొంతులో ధీమా లేదు. చేట తెచ్చి చప్పుడు చేసింది. అది ఈల వేయలేదు.

ఇలాంటివాటిని చూసే డాక్టరమ్మ సంతోష్‌నగర్‌లో ఉందని తెలుసుకుని ఆటో పిలిచాను. వద్దన్నా వినకుండా వాకర్‌తో సహా అత్తమ్మ ఎక్కింది. ఒళ్లో అట్టపెట్టె. ప్రతి గుంతకూ పెట్టెలోంచి ఒక మూలుగు, పైనుంచి ఇంకో మూలుగు.

ఎక్స్‌రేలో అగ్గిపుల్లల్లాంటి ఎముకలు కనిపించాయి. వాటికంటే తెల్లగా, గుండ్రంగా ఇంకేదో కనిపించింది.

"మూత్రసంచిలో రాయి ఉందండి. ఏం పెడుతున్నరు దీనికి?" అని అడిగింది డాక్టరమ్మ.

అత్తమ్మ నిటారుగా కూర్చుంది. "మునగాకు, పాలకూర, కొత్తిమీర. అన్నీ క్యాల్షియం ఉన్నయే డాక్టరమ్మా. ఒక్కనాడు గూడ తప్పలే."

డాక్టరమ్మ ఎక్స్‌రేను అత్తమ్మ వైపు తిప్పింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మన ఒళ్లు కావాల్సినంతే తీసుకుంటది, మిగతాది వదిలేస్తది. వీటికి అట్ల కాదమ్మా. తిన్న క్యాల్షియం చానావరకు రక్తంలకు పోతది. ఎక్కువైంది మూత్రంలనే బయటికి రావాలె. రాకపోతే లోపలే గట్టిపడి రాయి అయితది. గుడ్డ మీద తెల్లగా పొడి కనిపించలేదా?"

"బోరు నీళ్లదనుకున్న," అన్నాను.

రాయి తీయాలంటే కోయాలి. ఇంత చిన్న ప్రాణి మత్తు నుంచి లేవకపోనూ వచ్చు. ఆ మాట విన్నాక అత్తమ్మ పెట్టె మీద చెయ్యి తీయలేదు. "నాకు తక్కువైందంట, దీనికి ఎక్కువైందంట. నా చేతులతోనే పెట్టిన గద బిడ్డా," అని ఏడ్చింది. తుంటి విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి. ఎక్కువైతే అమృతమైనా విషమే అంటారు. ఆ మాట ఆమెతో ఎవరనగలరు?

ఆపరేషనయ్యాక అది మత్తులోంచి లేచింది. లోపలి నుంచి తీసిన రాయి కందిగింజంత ఉంది. ఒకసారి వచ్చినవాటికి మళ్లీ రావచ్చని డాక్టరమ్మ అంది. క్యాల్షియం పూర్తిగా మానేసినా ముప్పేనట. ఎండుగడ్డి కడుపునిండా, రోజూ ఒక క్యాప్సికం ముక్క, కాస్త కీర. ఆకుకూర ఎప్పుడో ఒకసారి, అదీ నాలుగాకులు. మునగాకు మాత్రం వద్దే వద్దు. తాగడానికి ఫిల్టర్ నీళ్లే.

ఇంటికి వచ్చాక అత్తమ్మ తన పాత నల్లశాలువా చింపి బుట్టలో పరిచింది. నలుపు మీద తెలుపు దాగదని. ఆ గుడ్డలు ఉతికే పని ఎవరికీ ఇవ్వదు. లేవగానే దేవుడి పటం కంటే ముందు బుట్టలోకి చూస్తుంది. మునగాకు ఇప్పుడు నేను వంటింటి తలుపు మూసి దూస్తున్నాను. అయినా అది పసిగట్టి ఈల వేస్తుంది. ఈల వినపడినప్పుడల్లా అత్తమ్మ టీవీ సౌండు పెంచుతుంది.

నిన్న సాయంత్రం నుంచి అది గడ్డి ముట్టలేదు. ఈ పొద్దున నేను గుడ్డ తీసి మడిచేలోపే అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చెయ్యి చాపింది. గుడ్డ మధ్యలో వేలెడంత మేర తెల్లగా ఎండి ఉంది.

"బోరు నీళ్లది అత్తమ్మా. ఆరేసినప్పుడు చుక్కలు పడ్డట్టున్నయి," అన్నాను.

ఆమె ఆ తెలుపును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. ఇసుకలా గరగరమంది.

"గా గుడ్డ నేనే ఉతికిన. ఫిల్టర్ నీళ్లల్ల," అంది. వాకర్‌ను దగ్గరికి లాక్కుంది. "ఆటో పిలువు."